లెక్క ముందు, నిర్వచనం తర్వాత

(హైస్కూలు సోషల్ టీచర్లు, జూనియర్ కాలేజీ అర్థశాస్త్ర అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పాఠ్యపుస్తకాన్ని పక్కన పెట్టమని చెప్పడానికి నేను రాలేదండీ. అందులో ఉన్నది సరైనదే. నా పేచీ అంతా మనం చెప్పే వరస మీద. ముందు నిర్వచనం రాయిస్తాం. తర్వాత పట్టిక, ఆ పైన గీత. గంట కొట్టేలోపు వ్యవధి ఉంటే ఒక ఉదాహరణ. ఆ ఉదాహరణలో యాపిల్ పండ్లు ఉంటాయి, లేకపోతే ఎక్స్ వస్తువు, వై వస్తువు ఉంటాయి. ఎదురుగా కూర్చున్న గుంటూరు జిల్లా పిల్లవాడి ఇంట్లో మాత్రం రాత్రి అన్నాల దగ్గర మిర్చి ధర గురించే మాట. క్వింటా ఎంత పలికింది, తాలు (పనికిరాని కాయ) ఎంత తేలింది, ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో పెడదామా, అమ్మేద్దామా అని. డిమాండ్, సప్లై అనే సంగతి ఊహ తెలిసినప్పటి నుంచి వాడి చెవిన పడుతూనే ఉంది. దాన్నే మనం వాడికి కొత్త పదాల్లో, పరాయి సరుకు పేరుతో చెబుతున్నాం. వాడు బట్టీ పడుతున్నాడు. చాలా బాధ కలిగించే విషయం ఇది.

అందుకని లెక్క ముందు చేయిద్దాం, నిర్వచనం తర్వాత రాయిద్దాం అంటాను. ఇంకో మాట కూడా. ఉదాహరణ తీసుకుంటే దాన్ని ఆఖరి రూపాయి దాకా తీసుకెళ్ళాలి. ‘‘ఉదాహరణకు మిర్చి’’ అని ఒక్క మాట అనేసి ముందుకు వెళ్ళిపోతే యాపిల్‌కీ మిర్చికీ తేడా ఏమీ లేదు.

మిర్చినే తీసుకుందాం. 2025 ఫిబ్రవరిలో ధర బాగా పడిపోయి, కేంద్రం, ధర పడినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ఖరారు చేయాల్సి వచ్చింది. అంతకు ముందు క్వింటా 20,000 దాటి అమ్ముకున్న రైతులే వీళ్ళంతా. ఎందుకు పడింది అని పిల్లల్ని అడగండి. ‘‘అందరూ మిర్చే వేశారు సార్’’ అంటారు. అది ఒక కారణం మాత్రమే. కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకు మిగిలి ఉండటం, ఎగుమతి గిరాకీ మందగించడం కూడా కారణాలే. కానీ పిల్లలు చెప్పిన ఆ మొదటి కారణం ఎలా పనిచేస్తుందో క్లాసులోనే చూపించవచ్చు. దానికి ఒక ఆట ఉంది.

క్లాసులో 40 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికీ ఒక చిన్న చీటీ ఇవ్వండి. పోయినేడు ధర 20,000 అని బోర్డు మీద రాయండి. ఈ ఏడు నువ్వు సున్నా నుంచి 5 ఎకరాల దాకా ఎంతైనా మిర్చి వేసుకోవచ్చు, ఎంత వేస్తావో పక్కవాడికి చూపించకుండా రాయి అని చెప్పండి. నియమం కూడా ముందే చెప్పేయాలి. అందరిదీ కలిపి 100 ఎకరాలైతే ధర 12,000. ఆ పైన ప్రతి 10 ఎకరాలకూ 1,000 తగ్గుతుంది, ప్రతి 10 ఎకరాలు తక్కువైతే 1,000 పెరుగుతుంది. క్వింటాకు ఖర్చు 10,000.

చీటీలు కూడితే 150 ఎకరాలు తేలాయనుకోండి. ధర 7,000. అంటే క్వింటాకు 3,000 నష్టం. క్లాసంతా గోల. రెండో ఏడు ఆడించండి. దెబ్బ తిన్నవాళ్ళు కదా, ఒకటి, ఒకటిన్నర అని రాస్తారు. మొత్తం 50కి పడిపోతుంది, ధర 17,000కు లేస్తుంది. వేసినవాడికి పండగ, వేయనివాడికి ఏడుపు. మూడో ఏడు మళ్ళీ అందరూ ఎగబడతారు. నాలుగు ఏళ్ళ ధరలు బోర్డు మీద చుక్కలుగా పెట్టి కలపండి. ఆ గీత చూశాక మాత్రమే, దీనికి అర్థశాస్త్రంలో సాలెగూడు నమూనా అని పేరుంది, 1934లో నికొలస్ కాల్డోర్ అనే అర్థశాస్త్రవేత్త పెట్టిన పేరు అని చెప్పండి. అప్పుడిక ఆ పేరు మరిచిపోరు.

ఆట అక్కడ ఆపేయకండి, దయచేసి. అసలు పాఠం అక్కడి నుంచే. ఎవరో ఒకమ్మాయి లేచి, ‘‘అందరం రెండున్నర ఎకరాలే వేద్దాం సార్, అప్పుడు వంద ఎకరాలే అవుతాయి, 12,000 వస్తుంది కదా’’ అంటుంది. భేషైన ఆలోచన. సరేనని అందరూ తలూపుతారు. మళ్ళీ చీటీలు రాయించండి, రహస్యంగానే. కూడితే 100 దాటుతుంది. మిగిలినవాళ్ళు ఎలాగూ తగ్గిస్తారు కాబట్టి నేను నాలుగు వేసుకుంటే లాభమే కదా అనుకున్నవాళ్ళు కొందరుంటారు. వాళ్ళను దొంగల్లా నిలబెట్టవద్దు. వాళ్ళు ఎందుకలా రాశారో వాళ్ళ చేతే చెప్పించండి. రైతులు ఒక్క మాట మీద నిలబడరేం అని ఊళ్ళో పెద్దవాళ్ళు తేలిగ్గా అనేస్తుంటారే, దానికి జవాబు ఆ పిల్లల నోటి నుంచే వస్తుంది.

ఆ తర్వాత ఇంకో అడుగు. పదిమందికి ఒక కాగితం ఇవ్వండి. అందులో ఇలా ఉండాలి: ‘‘విత్తనాలకూ పురుగుమందులకూ కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చావు. కల్లంలో కాయ ఆరగానే ఆయన కొట్టుకే తోలాలి.’’ మిగిలిన ముప్పైమందికి ఆ షరతు లేదు, టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ధర కోసం ఆగవచ్చు. పంట ఒకటే, ధరల పట్టిక ఒకటే, చేతికి వచ్చే డబ్బు మాత్రం వేరు. ధర పెరిగితే సప్లై పెరుగుతుంది అని పుస్తకంలో ఉన్న వాక్యం వెనక, ఆగగలిగినవాడు ఎవరు, ఆగలేనివాడు ఎవరు అన్న ప్రశ్న ఉందని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. నా దృష్టిలో సప్లై పాఠం మొత్తంలో ముఖ్యమైనది అదే.

ఇక అవకాశ వ్యయం. పిల్లల్ని బాగా తికమక పెట్టే పాఠం ఇది. సినిమాకు వెళ్తే చదువు పోతుంది, చదివితే సినిమా పోతుంది అని చెప్పి ముగించేస్తాం. దాని బదులు కౌలు లెక్క కట్టించండి. డెల్టా ఊళ్ళ పిల్లలైతే వాళ్ళే కడతారు.

2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. మనవాళ్ళు క్వింటాళ్ళలో మాట్లాడరు, 75 కిలోల బస్తాల్లో మాట్లాడతారు. కాబట్టి ముందు బస్తాకు మార్చమనండి: సుమారు 1,777. ఎకరానికి 30 బస్తాలు అనుకుందాం, 53,310 రూపాయలు. దుక్కి, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను అన్నీ కలిపి పెట్టుబడి 32,000 అనుకుందాం. ఇది లెక్క కోసం అనుకున్న అంకె, మీ ఊరి అంకె పిల్లల చేత తెప్పించుకోండి. సొంత పొలం ఉన్నాయనకు 21,310 మిగిలింది. పక్క చేలో కౌలు రైతు. అదే పంట, అదే పెట్టుబడి. కౌలు 12 బస్తాలు. అంటే 21,324 రూపాయలు పోయింది. మిగిలింది? పద్నాలుగు రూపాయల నష్టం. ఇంట్లోవాళ్ళు చేసిన పనికి ఇందులో కూలి కూడా కట్టలేదు.

ఇప్పుడు అడగండి: సొంత పొలం ఆయనకు వచ్చిన ఆ 21,310 వ్యవసాయంలో లాభమేనా? ఆయన అదే పొలం కౌలుకిచ్చి ఇంట్లో కూర్చున్నా 12 బస్తాలు వచ్చేవి కదా? క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దం అవుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు పట్టుకుంటారు. అంత కష్టపడి సాగు చేస్తే ఆయనకు దక్కింది తన సొంత నేల అద్దె మాత్రమే అని. సాగు కోసం ఆయన వదులుకున్న ఆ 12 బస్తాలే అవకాశ వ్యయం. దీన్నే ఆధారం చేసుకుని మద్దతు ధర వివాదం చెప్పవచ్చు. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సాగు ఖర్చును రెండు మూడు రకాలుగా కడుతుంది. ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ అంటే చేతి నుంచి పెట్టిన ఖర్చు, దానికి ఇంటివాళ్ళ శ్రమ విలువ. సీ2లో సొంత భూమి అద్దె, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలుస్తాయి. 2018-19 నుంచి కేంద్రం ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామంటున్నది మొదటి లెక్క మీద. రైతు సంఘాలు అడుగుతున్నది రెండో లెక్క మీద. టీవీలో ఏళ్ళ తరబడి జరుగుతున్న ఆ వాదన పదో తరగతి పిల్లవాడికి ఒక్క పీరియడ్‌లో అర్థమవుతుంది, బస్తాల్లో చెబితే.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. నష్టమైతే కౌలు రైతు ఎందుకు చేస్తాడు? జవాబు మీరు చెప్పకండి. కౌలు ఇళ్ళ పిల్లలు క్లాసులోనే ఉంటారు, వాళ్ళు చెబుతారు. గేదెలకు గడ్డి వస్తుందంటారు. కౌలు ధాన్యం పంటకే, తర్వాత చల్లుకున్న మినుము మాదే అంటారు, డెల్టాలో చాలా ఊళ్ళలో అలాగే ఉంది మరి. ఇంట్లో ఇద్దరికి పని దొరుకుతుందంటారు. బ్యాంకు అప్పు మాత్రం పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ళకే అంటారు. అప్పుడు 2011 చట్టం కింద కౌలు రైతులకు వచ్చిన రుణ అర్హత కార్డుల గురించి, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం గురించి చెప్పండి. ఈ 2019 చట్టం కింద కార్డు రావాలంటే యజమాని సంతకం ఎందుకు కీలకమైందో, చాలామంది యజమానులు ఎందుకు వెనకాడతారో చర్చ పెట్టండి. ఆస్తి హక్కులు, ప్రోత్సాహకాలు అనే పెద్ద మాటలు అందులోనే ఉన్నాయి.

ఇంటి డబ్బు లెక్కల దగ్గరికి వద్దాం. మొదట ఒక హెచ్చరిక. ‘‘మీ ఇంట్లో అప్పెంత?’’ అని ఏ పిల్లవాడినీ క్లాసులో అడగవద్దు. ‘‘మీ నాన్న జీతమెంత?’’ అని కూడా అడగవద్దు. 2010లో పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్ళ ఒత్తిడి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంత దూరం పోయిందో, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు ఎందుకు తేవాల్సి వచ్చిందో మీలో చాలామందికి గుర్తుంది. అప్పు పదిమందిలో బయటపడటం ఇంటి పరువుకు ఎంత దెబ్బో మనకు తెలుసు. కాబట్టి లెక్క ఎప్పుడూ ఊహించిన మనిషి మీదే. నిజమైన అంకెలు పిల్లలు ఇంటికెళ్ళి తమంతట తాము వేసుకుంటారు.

సందు చివర బజ్జీల బండి పెట్టుకున్నామె డెయిలీ ఫైనాన్స్‌లో అప్పు తీసుకుందనుకోండి. కాగితం మీద 10,000. చేతికిచ్చింది 9,000. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వడ్డీ ఎంత? ‘‘వెయ్యి రూపాయలు, పది శాతం’’ అని అందరూ అంటారు. ఆ 9,000 ఆమె దగ్గర వంద రోజులూ ఉందా? లేదు, రోజూ తిరిగి కడుతూనే ఉంది. సగటున చూస్తే సుమారు 4,500 మాత్రమే ఆమె వాడుకుంది. 4,500కి వంద రోజుల్లో 1,000 వడ్డీ. ఏడాదికి 3,650. అంటే సుమారు 80 శాతం. ఖచ్చితమైన పద్ధతిలో కడితే 77, 78 దగ్గర తేలుతుంది, బోర్డు మీదికి ఈ మోటు లెక్క చాలు. అదే ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24. మూడు రూపాయల వడ్డీవాడిని జనం జలగ అంటారు, అతనిది 36. రోజుకు వందే కదా అనిపించే అప్పు దానికి రెట్టింపు పైన.

ఆమె ఎందుకు తీసుకుంటుంది అన్న ప్రశ్నను మాత్రం వదలవద్దు. తెలివితక్కువై కాదు. ఫైనాన్స్ మనిషి బండి దగ్గరికే వస్తాడు, కాగితాలు అడగడు, ఇవాళ అడిగితే ఇవాళే ఇస్తాడు. ఆ మూడింటికీ ఆమె కడుతున్న ధర అది. ఆ ధర ఎంతో తెలిసి కట్టడం వేరు, తెలియక కట్టడం వేరు. మన పని తెలియజేయడం వరకే. ఆమెకు నీతులు చెప్పే హక్కు మనకు లేదు.

కాలేజీ కుర్రవాళ్ళకైతే బైకు లోను లెక్క ఇవ్వండి. లక్ష రూపాయలు, రెండేళ్ళు, ఫ్లాట్ వడ్డీ 10 శాతం. వడ్డీ 20,000 కలిపి 24 భాగాలు చేస్తే నెలకు 5,000. ఇక్కడా అసలు నెలనెలా తగ్గుతోంది, వడ్డీ మాత్రం పూర్తి లక్ష మీద పడుతోంది. నిజమైన రేటు ఏడాదికి 18 శాతం పైనే. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు కొత్తగా మంజూరయ్యే వాయిదా అప్పులకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (అప్పు ముఖ్య వివరాల పత్రం) ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అందులో వార్షిక శాతం రేటు అని ఒక గడి ఉంటుంది. షోరూములో సంతకం పెట్టే ముందు ఆ గడి చూడటం ఒక్కటి నేర్పినా ఆ పిల్లలకు మేలు చేసినట్టే.

చిట్టీ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నాకు చాలా ఇష్టమైన పాఠం. 20 మంది, నెలకు 5,000, 20 నెలలు. చిట్టీ లక్ష. రెండో నెలలో ఒకాయనకు కూతురి పెళ్ళి. పాటలో 25,000 తగ్గించుకుని 75,000కి పాడుకున్నాడు. ఆ 25,000లో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా 20,000 మిగిలింది, ఇరవై మందికి తలా వెయ్యి. ఆ నెల అందరూ 4,000 కడితే సరిపోయింది. ఆ పెళ్ళివారికి ఇది అప్పు. చివరిదాకా ఆగే టీచరమ్మకు ఇది పొదుపు. ఒకే చిట్టీ ఒకరికి బ్యాంకు లోను, ఇంకొకరికి రికరింగ్ డిపాజిట్. పాట ఎంతకు పోయింది అన్నది ఆ నెలలో ఆ వీధికి డబ్బు ఎంత అవసరమో చెబుతుంది. జూన్‌లో స్కూలు ఫీజులు, దుక్కులు కలిసొస్తాయి. ఆ నెల పాట పోటాపోటీగా సాగుతుంది. వడ్డీ రేటును ఎవరో ఢిల్లీలోనో ముంబైలోనో నిర్ణయిస్తారనుకునే పిల్లవాడికి, తన వీధిలో ఇరవై మంది కూర్చుని నెలనెలా వడ్డీ రేటు నిర్ణయించుకుంటున్నారని తెలిస్తే ఎంత ఆశ్చర్యమో చూడండి. ఆ తర్వాత చట్టం చెప్పండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం ఉంది, కమీషన్ గరిష్ఠ పరిమితి 5 శాతం ఉండేది, 2019 సవరణలో 7 అయింది. చిట్టీ రిజిస్టరైందో లేదో చూసుకునే హక్కు ప్రతి సభ్యుడిదీ. నమ్మకం మీద నడిచే చిట్టీల్లో మునిగిన కుటుంబాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. పాట పాడుకున్నవాడు కట్టడం ఆపేస్తే ఏమవుతుంది అన్న ప్రశ్న ఈ పాఠంలో తప్పకుండా ఉండాలి.

బంగారం సంగతి రెండు ముక్కల్లో. 10 గ్రాముల నగ, 12 శాతం తరుగు అంటే 11.2 గ్రాముల ధర. దాని మీద 3 శాతం జీఎస్టీ. పదకొండున్నర గ్రాముల డబ్బు ఇచ్చి పది గ్రాములు తెచ్చుకున్నాం. బంగారం ధర 15 శాతం పెరిగితే గాని పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఇది చెప్పాక, అయినా ఆడవాళ్ళు బంగారమే ఎందుకు కొంటారో కూడా అడగండి. ఇంట్లో తన పేరున ఉన్న ఆస్తి అదొక్కటే అయిన స్త్రీలు ఎంతమందో! అర్ధరాత్రి ఆసుపత్రి ఖర్చొస్తే తెల్లారేసరికి తాకట్టు పెట్టగలిగేదీ అదే. ఆ విలువ ఏ రాబడి పట్టికలోనూ కనపడదు.

ద్రవ్యోల్బణానికి 72ని భాగించే సూత్రం నేర్పితే చాలు. ఏడాదికి 6 శాతం పెరిగితే 12 ఏళ్ళలో ధర రెట్టింపు. రిజర్వ్ బ్యాంకు లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2. నాలుగైతే 18 ఏళ్ళు. పిల్లలు తమ వయసుతో పోల్చుకుని, పుట్టినప్పుడు పాల ప్యాకెట్ ఎంతుండేదో అమ్మను అడిగొస్తారు.

ఆడవాళ్ళకు ఉచిత బస్సు గురించి కూడా క్లాసులో మాట్లాడమంటాను. రాజకీయం అని భయపడకండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న. టికెట్ ధర సున్నా అయింది, డీజిలు ధర సున్నా కాలేదు. మరి ఎవరు కడుతున్నారు? దూరపు కాలేజీలో చేరగలిగిన అమ్మాయికి వచ్చిన లాభం ఎలా కడతాం? గిరాకీ తగ్గిన ఆటో డ్రైవరు నష్టం ఎలా కడతాం? అమ్మాయి, ఆటో డ్రైవరు, కండక్టరు, పన్ను కట్టే కిరాణా షాపాయన, నలుగురి తరఫునా నలుగురు పిల్లల చేత మాట్లాడించండి. తీర్పు మీరు చెప్పనక్కర్లేదు. వాళ్ళ ఇళ్ళలో ఆ తీర్పులు ఎలాగూ ఉంటాయి. వాటికి లెక్కలు జతచేయడం నేర్పితే చాలు.

ఇదంతా కొత్త విద్య కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డాక, ఆ జిల్లాలోనే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. రోజుకు రూపాయి చొప్పున దాచుకుంటూ, అక్షరం రాని ఆడవాళ్ళు సంఘం పుస్తకంలో ఎవరి బాకీ ఎంతో నోటిలెక్కన చెప్పే స్థితికి వచ్చారు. 2019లో జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం చేసిన సర్వేలో దేశంలో ఆర్థిక అక్షరాస్యత ఉన్న పెద్దలు 27 శాతమే అని తేలింది. ఆ అంకెను నేను కాదనను. అయితే డ్వాక్రా సంఘంలో ఇరవై ఏళ్ళు లెక్కలు చూసిన తల్లి మన పిల్లవాడి ఇంట్లోనే ఉంది. నెలకొకసారి అలాంటి ఒకామెను క్లాసుకు పిలిచి, కుర్చీ వేసి, సంఘం ఎలా నడుపుతున్నారో చెప్పమనండి. మన పిల్లలకు అంతకంటే మంచి గెస్టు లెక్చరర్ దొరకదు.

‘‘సార్, ఇవన్నీ చేస్తే సిలబస్ అవ్వదు, పరీక్షలో నిర్వచనమే రాయాలి’’ అని మీరు అనుకుంటున్నారు. న్యాయమైన మాట. నేను చెప్పేది వారానికి ఒక పీరియడ్. మిర్చి ఆటకు రెండు పీరియడ్లు పడతాయి, కౌలు లెక్కకు ఒకటి, చిట్టీకి ఒకటి. లెక్క చేసిన రోజే, ఆఖరి పది నిమిషాల్లో, పుస్తకంలోని నిర్వచనం రాయించండి. ముందు వాళ్ళ మాటల్లో రాయమని, తర్వాత పుస్తకంతో సరిచూసుకోమనండి. ఇంటర్నల్ పరీక్షలు దిద్దేటప్పుడు, నిర్వచనం వరస కాస్త అటూ ఇటూ అయినా, డెయిలీ ఫైనాన్స్ లెక్క సరిగ్గా చేసిన పిల్లకు పూర్తి మార్కులు వేయండి. ఆ అధికారం మన చేతుల్లోనే ఉంది.

ప్రశ్నలుంటే అడగండి. ముఖ్యంగా కౌలు లెక్కలో నేను వేసిన 12 బస్తాలు, 32,000 పెట్టుబడి మీ మండలంలో వేరుగా ఉంటాయి. మెట్ట ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళకైతే అసలు పంటే వేరు. మీ అంకెలు చెప్పండి, బోర్డు తుడిచి మళ్ళీ కడదాం.